ఎవరి పిల్లి కక్కింది

ఇల్లంతా ఖాళీ నేల ఉండగా, ఏ పిల్లో గానీ పోయి పోయి కొత్త రిజిస్టర్ల దొంతర మీదే కక్కింది. బుధవారం పొద్దున ముందుగది కిటికీ తీసిన బైండరమ్మకి అదేమిటో ముందు అర్థం కాలేదు. వేలితో తాకి, వేలు వాసన చూసి, అప్పుడు తిట్లు మొదలుపెట్టింది. నల్ల కాలికో గుడ్డ అంటించిన అట్ట, మూలలకు తోలు, కుట్టు కనపడకుండా గుండ్రంగా తిప్పిన వీపు, అంతా కలిపి నాలుగు రోజుల పని. తడిగుడ్డతో తుడిస్తే కక్కుతో పాటు కాలికో నిగనిగ కూడా పోయి అరచేతి మేర తెల్లమచ్చ తేలింది.

"ఇదిగో, ఇద్దరూ వచ్చి చూడండి," అని వెనకగది వైపు కేకేసింది. "మీ బొగ్గు చేసిన ఘనకార్యం."

బొగ్గు అంటే పిల్లి, పేరుకు తగ్గట్టు నల్లది. రెండు నెలల కిందట తమ్ముడూ మరదలూ అద్దెకున్న చోటు ఖాళీ చేసి బైండరమ్మ ఇంటి వెనకగదిలో సామాను దింపినప్పుడు, ఆఖరి మూట వెనకాలే వచ్చింది. అప్పటికే ఇంట్లో నాలుగు పిల్లులు. బైండరమ్మ వాటికి పేర్లు కూడా పనిలోంచే పెట్టుకుంది. బరువుగా కదలకుండా ఉండేది రీము. ఎక్కడ పడితే అక్కడ బల్లపరుపుగా పడుకునేది అట్ట. సన్నగా పొడుగ్గా ఉండేది దారం. నాలుగోది పదమూడేళ్ళది, ఆవిడ తర్వాత ఆ ఇంట్లో పెద్దరికం దానిదే, దాన్ని మాత్రం ముసలమ్మ అని పిలుస్తుంది.

కక్కులు మొదలై నెల దాటింది. వారానికొకటి కాస్తా రోజుకొకటైంది. గుమ్మం ముందు ఒకరోజు, దువ్వెనల పెట్టెలో ఒకరోజు, తమ్ముడి బూటులో ఒకరోజు. చూసినవాళ్ళే తుడవాలని తమ్ముడు ఒక నియమం పెట్టాడు. దాంతో ఆ ఇంట్లో అందరూ నేలవైపు చూడటం మానేసి తలెత్తుకు తిరగసాగారు, తొక్కసాగారు కూడా.

మరదలు తడి జుట్టు పిండుకుంటూ వచ్చింది. ఎనిమిదింటికల్లా లాండ్రీలో ఉండాలి ఆమె. పెద్ద హోటళ్ళ దుప్పట్లూ పక్కగుడ్డలూ వచ్చే లాండ్రీ అది. మరక చూసి అది కాఫీయో, మందో, రక్తమో చెప్పి విడదీయడమే ఆమె ఉద్యోగం.

"మా బొగ్గు రాత్రంతా మా మంచం మీదే ఉంది వదినగారూ."

"కాపలా కాశావా?"

"అదే చేసిందని మీరు కాపలా కాశారా మరి?"

"ఇన్నేళ్ళూ నాలుగు పిల్లుల్ని పెంచాను. ఒక్కరోజు రిజిస్టర్ మీద కక్కలేదు. అది గడప తొక్కింది, ఇది మొదలైంది. ఇంకా నేను కాపలా కాయాలా?"

"గడప తొక్కింది అదొక్కటే కాదుగా. మేమూ తొక్కాం. ఆ మాటే అనండి పోనీ."

తమ్ముడు పళ్ళు తోముకుంటూ ఇద్దరి మధ్యలో నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. పైకీ కాదు, కిందకీ కాదు, మధ్యలో ఇరుక్కోవడం అతనికి వృత్తిరీత్యా అలవాటే. నోట్లో బ్రష్ ఉన్నంతసేపూ ఎవరి పక్షమూ చెప్పనక్కర్లేదు గనక ఆ పూట చాలాసేపు తోముకున్నాడు.

బైండరమ్మ పిల్లుల డాక్టరుకి ఫోన్ చేసి, అందరూ వినాలని స్పీకరు పెట్టింది. ఏ పిల్లి కక్కుతోందని డాక్టరు అడిగాడు. అది తెలిస్తే మీకెందుకు చేస్తానంది ఈవిడ.

"అయితే ముందు అది తేలాలమ్మా," అన్నాడు డాక్టరు. "అయిదింటినీ విడివిడిగా పెట్టండి. ఏ గదిలో కక్కు కనపడితే ఆ గదిలోదే. ఈమధ్య తిండి మార్చారా? కొత్తగా ఏదన్నా నోట పెడుతున్నాయా?"

"కొత్తగా వచ్చింది బొగ్గు ఒక్కటే," అని ఫోన్ పెట్టేసింది.

డాక్టరు అయిదింటినీ విడదీయమన్నాడు. బైండరమ్మ ఒక్కదాన్నే విడదీసింది. పెరటివైపు సామాన్ల కొట్టులో మూడు రోజులు బొగ్గుని పెడదామంది. ఆ మూడు రోజులూ ఇంట్లో కక్కు లేకపోతే దొంగ దొరికినట్టే. శనివారం కాగితం రీములు దింపడానికి వ్యాన్ వస్తుంది. గోడౌన్‌లో ఎలకలు పడి రీములు కొరుకుతున్నాయనీ, ఓ పిల్లి ఉంటే ఇప్పించమనీ డ్రైవరు పోయినసారే అడిగాడు, దొంగ తేలితే అతనికే ఇచ్చేద్దామంది.

"కొట్లో అది కక్కకపోతే?" అంది మరదలు.

"భయానికి ఊరుకుందనుకోవాలి."

"అంటే కక్కినా తప్పు దానిదే, కక్కకపోయినా దానిదే."

"బయట కక్కు కనపడితే వదిలేస్తాను. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?"

మరదలు మొగుడి వైపు చూసింది. అతను నోరు పుక్కిలించి ఉమ్మి, "మూడు రోజులేగా," అన్నాడు. ఆమె వెనకగదిలోకి వెళ్ళి, మంచం మీద నిద్రపోతున్న బొగ్గుని రెండు చేతులతో ఎత్తుకొచ్చి కొట్లో వదిలి తలుపేసింది. గడియ మాత్రం పెట్టలేదు. అది బైండరమ్మే వచ్చి పెట్టింది.

గురువారం ఆవిడ అందరికన్నా ముందు లేచింది. కుట్టు చట్రం కాళ్ళ దగ్గర కక్కు ఉంది, తాజాగా, నురగ నురగగా. ఆవిడ దాన్ని చూస్తూ నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడింది. వెనకగదిలో ఇంకా అలికిడి లేదు. కొట్లోంచి బొగ్గు మాత్రం తలుపు గీరుతోంది. బైండరమ్మ వంగి, చేతికందిన చిరుగుల గుడ్డతో తుడిచేసి, నీళ్ళు చిలకరించి మళ్ళీ తుడిచింది. ఎందుకు తుడిచావని ఎవరైనా అడిగి ఉంటే, నా గది గనక తుడిచానని అనేది, ఆ మాట తనే నమ్మేది కూడా.

మరదలు పనికి పోతూ గుమ్మంలో ఆగింది. "ఉందా?"

"లేదు."

"నేల తడిగా ఉంది."

"తుడుచుకున్నాను. నా గది నేను తుడుచుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా?"

"రోజూ సాయంత్రం తుడుస్తారు కదా అని అడిగాను," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

బైండరమ్మ జిగురు కాచడానికి కూర్చుంది. ఆ పని ఆవిడ ఎవరికీ వదలదు. మైదాని చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నటి సెగ మీద పెట్టి, కలిపే కర్ర జాడ గిన్నె అడుగున ఒక క్షణం నిలిచేదాకా తిప్పాలి. దించే ముందు మైలుతుత్తం వేయాలి. అది పడితేనే పుస్తకానికి పురుగు పట్టదు. ఎప్పుడూ చిటికెడే వేసేది. నెలన్నర కిందట ఒక ఆఫీసు వాళ్ళు ఎనభై రిజిస్టర్లు తిప్పి పంపించారు, వీపులో పురుగు పట్టిందని. తీసుకొచ్చిన గుమాస్తా వాటిని దులిపి మరీ చూపించాడు. ఆవిడ జన్మలో అంత అవమానం పడలేదు. ఆ రోజు నుంచి చిటికెడు పోయి చెంచా వచ్చింది. జిగురు లేత నీలం తిరిగితే గానీ ఆవిడ మనసు కుదుటపడేది కాదు.

గిన్నెని నేల మీదే చల్లారబెట్టి, అట్టలు పరుచుకుని కుంచెతో పూత మొదలుపెట్టింది. పూసిన అట్టలు గోడ పొడుగునా చెక్కపలక మీద వరసగా ఆరుతున్నాయి. వాటి మధ్య సందుల్లో పిల్లులు సర్దుకున్నాయి. ఇదివరకు నాలుగూ వంటింటి కిటికీలో ఎండకు పడుకునేవి. బొగ్గు వచ్చి ఆ కిటికీని ఆక్రమించాక ఇవన్నీ ఈ గదికి చేరాయి. దిక్కులేక నా దగ్గరికొచ్చాయి పాపం అని బైండరమ్మ ఇన్నాళ్ళూ జాలిపడుతూ, ఆ జాలినంతా మరదలి మీద కోపంగా మార్చుకుంటూ వచ్చింది.

శుక్రవారం పొద్దున కూడా కక్కు ఉంది. అదీ తుడిచింది. ఈసారి నిలబడి ఆలోచించలేదు.

పదకొండింటికి ఆవిడ రిజిస్టర్ల లోపల అంటించే తెల్లకాగితాలు కత్తిరిస్తోంది. ముసలమ్మ పలక మీద నుంచి లేచింది. ఒళ్ళు విరుచుకుని, అప్పుడే పూసిన అట్ట మీద నాలుగు కాళ్ళూ మోపి, నింపాదిగా అవతలికి దాటింది. జిగురులో పాదాల ముద్రలు పడ్డాయి. ఆవిడ తిట్టబోయి ఊరుకుంది. ముసలమ్మని తిట్టడం ఆ ఇంట్లో లేదు. పిల్లి కిటికీ కిందకు పోయి కూర్చుని ముందు కుడి పాదం నాకింది, తర్వాత ఎడమది, తర్వాత వేళ్ళ మధ్యన. శుభ్రమైన జంతువు, ఒక్క చుక్క వదలదు. బైండరమ్మ పాదముద్రల మీద మళ్ళీ కుంచె వేసి సరిచేసింది.

పావుగంట తర్వాత ముసలమ్మ లేచి, మెడ ముందుకు చాచి, పొట్ట లోపలికి లాగుతూ వెనక్కి వెనక్కి నడిచి, కత్తిరించిపెట్టిన తెల్లకాగితం మీద కక్కింది.

తెల్లటి కాగితం మీద నీలం.

బైండరమ్మ కత్తెర కింద పెట్టింది. ఆ నీలం ఆవిడకి తన చేతి గీతలంత పరిచయం. గిన్నె వైపు చూసింది. పలక మీద ఆరుతున్న అట్టల వైపు చూసింది. వాటి సందుల్లో రీము, అట్ట, దారం పడుకుని తీరిగ్గా పాదాలు నాక్కుంటున్నాయి. ఈ గదిలోకి అడుగు పెట్టని పిల్లి ఒక్కటే, దాన్ని తను కొట్లో పెట్టి గడియ వేసింది. నెల రోజులుగా తన చేత్తోనే వీటికి విషం పెడుతోంది. ఆ మాట మనసులోకి రాగానే ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియని మంట అది, అలవాటు చొప్పున మరదలి మీదికే పోయింది. ఆ పిల్లి వచ్చి కిటికీ లాక్కోకపోతే ఇవి ఇక్కడికి ఎందుకొస్తాయి? ఆలోచిస్తే తప్పు దానిదే.

ఆలోచించగా ఇంకోటి కూడా తోచింది. గిన్నెకి మూత పెట్టేస్తే సరి. రేపటి నుంచి తుత్తం మళ్ళీ చిటికెడే. కక్కులు ఆగిపోతాయి. బొగ్గు వెళ్ళాక ఆగాయి గనక బొగ్గే చేసిందని అందరూ అనుకుంటారు. ఎనభై రిజిస్టర్లు తిరిగి రావడం చాలదన్నట్టు, మళ్ళీ ఈ తలవంపు కూడానా, అదీ తన ఇంట్లో ఉంటున్న మరదలి ముందు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని అంటారు గానీ, మనుషులు అంతకన్నా గట్టిగా మూసుకోగలరు.

ఆవిడ కాగితం నలిపి పొయ్యిలో పడేసింది. ముసలమ్మ మూతీ కాళ్ళూ తడిగుడ్డతో తుడిచి, నేలా తుడిచి, ఆ గుడ్డని పెరట్లో మాసిన బట్టల బకెట్లో పడేసి, గిన్నెకి మూత పెట్టింది. ఆరుతున్న అట్టలకి మూత పెట్టే దారి లేదు. శనివారానికి ఇవ్వాల్సిన సరుకు గనక మధ్యాహ్నం ఇంకో ఇరవై అట్టలు పూసింది, అదే జిగురుతో.

సాయంత్రం మరదలు లాండ్రీ నుంచి వచ్చి, బకెట్లో బట్టలు నానేసి ఉతికి ఆరేసింది. తర్వాత కొట్టు తలుపు ముందు నేల మీద చతికిలబడి, తలుపు కింది సందులోంచి వేళ్ళు లోపలికి పెట్టి కూర్చుంది. లోపల్నుంచి బొగ్గు ఆ వేళ్ళని తడుముతూ కూనిరాగం తీస్తోంది. బైండరమ్మ నీళ్ళకోసం అటువైపు వచ్చింది.

"ఇవాళ?" అంది మరదలు తలెత్తకుండా.

"లేదు."

"పొద్దున్నా లేదా, తర్వాత కూడా లేదా?"

"లేదని చెప్తున్నాగా."

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి వదినగారూ. రేపే కదా వ్యాను."

"ఎన్నిసార్లు చెప్పాలి? నా నోటి నుంచి వచ్చిన మాట మీద నమ్మకం లేకపోతే నా ఇంట్లో ఎందుకున్నట్టు?"

మరదలు వేళ్ళు వెనక్కి తీసుకుంది. లేచి, చీర దులుపుకుని, "రేపు సెలవు పెట్టాను," అని మాత్రం చెప్పి లోపలికి పోయింది.

శనివారం తొమ్మిదింటికి వ్యాన్ గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు రీములు ఒక్కోటీ భుజాన వేసుకుని తెచ్చి గోడవార పేరుస్తున్నాడు. తమ్ముడు సాయం పడుతున్నాడు, ఆ వంకతో మాటలు తప్పించుకోవచ్చని. మరదలు గుమ్మం పక్కన తీగల బోను పెట్టుకుని నిలబడింది. దాని అడుగున తన పాత శాలువా పరిచింది. బొగ్గు అందులో ముడుచుకుని కూర్చుని ఉంది. మూడు రోజుల్లో కొట్లో అది ఒక్కసారి కూడా కక్కలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"నల్లదేనా? మంచిది, ఎలకలకి కనపడదు," అన్నాడు డ్రైవరు.

బైండరమ్మ పిల్లులకి తిండి గిన్నెలు పెట్టి చప్పుడు చేసింది. మూడే వచ్చాయి. ఆవిడ పేరు పెట్టి పిలిచింది, పలక కింద చూసింది, కుట్టు చట్రం వెనక చూసింది. బిగింపు ప్రెస్సుకీ గోడకీ మధ్య ఇరుకులో ముసలమ్మ పక్కకి పడి ఉంది. మూతి కింద నీలం మడుగు. ఎత్తితే తల వేలాడింది, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఊపిరి ఉంది, ఉందా లేదా అన్నట్టుంది.

"ఫోన్ చెయ్యరా," అంది తమ్ముడితో. ఆ గొంతు తమ్ముడు ఎప్పుడూ విని ఉండలేదు. భుజం మీది కాగితం రీము కింద పడేసి ఫోన్ కలిపి ప్రెస్సు మీద పెట్టాడు. ఆవిడ రెండు చేతుల్లోనూ పిల్లి ఉంది గనక స్పీకరు పెట్టాడు.

డాక్టరు గొంతు గదంతా వినిపించింది. "ఏం తిన్నది?"

బైండరమ్మ జిగురు గిన్నె వైపు చూసింది. డ్రైవరు రీము భుజాన పెట్టుకునే ఆగిపోయాడు. గుమ్మంలో మరదలు బోను పిడి పట్టుకుని ఆవిడనే చూస్తోంది.

"అమ్మా, ఏం తిన్నదో తెలిస్తేనే దానికి తగ్గ మందు తీసి పెట్టుకుంటాను. తెలియకపోతే తెలియదనండి, అన్నీ వెతుక్కుంటూ కూర్చుంటాం. ఈలోపు ఉంటుందో పోతుందో చెప్పలేను."

తెలియదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముసలమ్మ నోరు తెరిచి గాలి మింగింది.

"మైలుతుత్తం," అంది బైండరమ్మ.

"ఎక్కడిది?"

"జిగురులో కలుపుతాను. కాళ్ళకి అంటుకుంటే నాకింది."

"ఇవాళా?"

"రోజూ. నెలకి పైనుంచి. నాలుగూ నాకుతున్నాయి."

"మీకెలా తెలిసింది?"

"నిన్న నా కళ్ళముందే కక్కింది. నీలంగా."

"నిన్న తెలిసి ఇవాళ ఫోన్ చేస్తున్నారా," అన్నాడు డాక్టరు. అది ప్రశ్న కూడా కాదు. "ఇంట్లో ఏమీ పట్టకండి. దీన్ని అరగంటలో నా దగ్గరికి తెండి. మిగతావాటి కాళ్ళు సబ్బుతో కడిగి, మధ్యాహ్నంలోగా అవీ తెండి."

ఫోన్ ఆగిపోయింది. తమ్ముడు అక్కని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, మళ్ళీ అక్కని చూశాడు. "నిన్న కక్కు లేదన్నావు కదక్కా," అన్నాడు. నోట్లో బ్రష్ లేకుండా అతను ఆ ఇంట్లో నిలదీసి అడిగిన మొదటి మాట అదే.

"అన్నారు," అంది మరదలు. "గురువారం లేదన్నారు. శుక్రవారం లేదన్నారు. శుక్రవారం నాటి గుడ్డ నా బకెట్లో పడేశారు. రెండుసార్లు సబ్బు పెట్టినా నీలం పోలేదు. పొద్దస్తమానం మరకలు చూసేదాన్ని, అదేమిటో నాకు తెలియదా?"

"తెలిసి మరి నువ్వెందుకు నోరు మూసుకున్నావ్?" అంది బైండరమ్మ. అంత కష్టంలోనూ కోపం ముందు లేచింది. "నిన్నే చెప్పి ఉంటే దీనికి ఈ గతి పట్టేదా?"

"నేను చెబితే ఒప్పుకునేవారా?"

బైండరమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఒప్పుకునేదాన్నే అని అనడం ఎంతో తేలిక. చేతుల్లో బరువు తేలికైపోతోంది, అదే భయంగా ఉంది.

"లేదు," అంది. "నిన్నూ నీ పిల్లినీ కలిపి వ్యానెక్కించేదాన్ని."

"నాకూ అదే తెలుసు. అందుకే మీ నోటితోనే వస్తుందేమోనని నిన్న సాయంత్రం అన్నిసార్లు అడిగాను." మరదలు గొంతు పెంచలేదు. "నా పిల్లి పోతుందంటే మీకు మాట రాలేదు. మీ పిల్లి పోతుందనేసరికి వచ్చింది."

డ్రైవరు ఎటూ చూడలేక రీముని మెల్లిగా గోడవార దించాడు.

"దేంట్లో తీసుకెళ్తారు దాన్ని?" అంది మరదలు.

బైండరమ్మ చుట్టూ చూసింది. అట్టలు, దారపు ఉండలు, గిన్నె, కుంచెలు. పదమూడేళ్ళలో ముసలమ్మ ఈ గడప దాటి ఎక్కడికీ పోలేదు. ఈ ఇంట్లో దాన్ని పెట్టి తీసుకెళ్ళడానికి ఒక బుట్టయినా లేదు. పైట చెంగు పరిచి అందులో చుట్టబోయింది.

"అలా చుడితే ఊపిరాడదు," అంది మరదలు. కింద కూర్చుని బోను తలుపు తీసి, బొగ్గుని బయటికి లాగి మొగుడి చేతుల్లో పెట్టింది. శాలువా తిరగేసి మళ్ళీ పరిచింది. తర్వాత వచ్చి, అడగకుండానే, ముసలమ్మని ఆవిడ చేతుల్లోంచి తీసుకుంది. తల కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి, మూతి పక్కకి వచ్చేలా లోపల పడుకోబెట్టి, గొళ్ళెం పెట్టింది.

"గోడౌన్‌కి కాదు," అని డ్రైవరుకి చెప్పింది. "పిల్లుల డాక్టరు దగ్గరికి. త్వరగా పోనివ్వండి."

డ్రైవరు పరుగున పోయి స్టార్ట్ చేశాడు. బైండరమ్మ ముందుసీట్లో ఎక్కి బోనుని ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ చేతులకి ఎండిన జిగురు ఇంకా పొరలు పొరలుగా ఉంది. తలుపు వేయబోయి ఆగి, "నువ్వు కూడా రామ్మా," అంది. రెండు నెలల్లో ఆమెని అమ్మా అనడం అదే మొదలు.

"రాను," అంది మరదలు. ముఖం ఏమీ మారలేదు. "మీ మూడింటి కాళ్ళూ కడగాలి."

వ్యాన్ తలుపు బయట నుంచి ఆమే గట్టిగా వేసి, జాకెట్టు చేతులు పైకి మడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళింది. బొగ్గుని ఎత్తుకుని తమ్ముడు దారికి అడ్డంగా నిలబడి ఉంటే, తప్పుకోమని చెప్పి పెరట్లోకి బకెట్ కోసం పోయింది.